మెక్సికోలో స్పానిష్ కాలపు ఊళ్లు: గ్వానహ్వాతో, శాన్ మిగెల్, ప్వేబ్లా, వహాకాల్లో మీకు ఏది సరిపోతుంది?

కాన్‌కూన్ బీచ్ చూసొచ్చిన తెలుగు కుటుంబాలు అమెరికాలో ఊరూరా ఉన్నాయి. మెక్సికోకి రెండోసారి వెళ్దాం అనుకున్నప్పుడే అసలు టెన్షన్ మొదలవుతుంది. స్పెయిన్ పాలన నాటి పాత ఊళ్లు చూడాలని ఉంటుంది, కానీ ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రంగు రంగుల గోడలు, రాళ్లు పరిచిన వీధి, వీధి చివర చర్చి. ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక వారం రోజుల్లో నాలుగూ చుట్టేసేలా ప్లాన్ వేస్తారు. ఆ పని చెయ్యొద్దు. ఒకే ఊరు ఎంచుకుని, అక్కడే నాలుగు రాత్రులు ఉండండి. ఈ ఊళ్లలో పగటికంటే సాయంత్రం బాగుంటుంది. ఎండ తగ్గాక జనం చౌరస్తాలోకి వచ్చి కూర్చునే వేళకి మీరు బస్సులో ఉంటే చూడాల్సింది చూడనట్టే.

ఎంచుకోవడానికి నేను వాడే కొలత ఒకటుంది. ఆ ఊరికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? గ్వానహ్వాతో వెండి గనుల మీద బతికింది. శాన్ మిగెల్ ఆ వెండి బళ్లు వెళ్లే దారిలో మజిలీ. ప్వేబ్లాని ఓడరేవు వెరాక్రూజ్‌కీ రాజధానికీ మధ్య స్పానిష్‌వాళ్లు పనిగట్టుకుని కట్టించారు. వహాకాకి ఒక పురుగు నుంచి తీసే ఎర్ర రంగు సంపద తెచ్చింది. నేల ఎత్తుపల్లాలు, వీధుల తీరు, తిండి, చేతిపనులు అన్నీ అక్కడినుంచే వచ్చాయి. మీ మోకాళ్లకీ మీ నాలుకకీ మీ పర్సుకీ ఏది సరిపోతుందో కూడా దాన్నిబట్టే తెలిసిపోతుంది.

గ్వానహ్వాతో: మోకాళ్లు గట్టిగా ఉంటే ఇదే

గని ఉన్నచోటే ఊరు పుడుతుంది కాబట్టి ఇది ఒక ఇరుకు లోయలో పుట్టింది. చదును నేల కొంచెమే. ఇళ్లు రెండు వైపులా కొండల మీదికి ఎక్కాయి, వాటి మధ్య మెట్ల సందులు. పూర్వం లోయ మధ్యగా నది పారేది, వరదలొచ్చి ఊరిని ముంచేది. దాంతో నదిని పక్కకి మళ్లించారు. 1960ల్లో ఆ పాత నది దారినే భూమి కింద రోడ్డుగా మార్చారు. ఇవాళ కార్లు, బస్సులు చాలావరకు సొరంగాల్లో పోతుంటే పైన మనుషులు నడుస్తారు. సొరంగంలో టాక్సీ దిగి, రాతి గోడ పక్కన మెట్లెక్కి పైకి రాగానే ఎదురుగా చెట్ల నీడలో ఒక చౌరస్తా, దాని చుట్టూ కాఫీ హోటళ్లు. మొదటిసారి వచ్చినవాళ్లు ఎవరైనా అక్కడ ఒక్క నిమిషం నిలబడిపోతారు.

18వ శతాబ్దం చివర్లో ఇక్కడి వాలెన్సియానా గని ప్రపంచంలోనే పేరుమోసిన వెండి గని. గని పక్కనే శాన్ కయెతానో చర్చి ఉంది. 1788లో పూర్తయింది. లోపల బలిపీఠాలన్నీ బంగారు రేకు తాపడమే. ఇక్కడ మన చరిత్ర కూడా కొంచెం ఉంది. మచిలీపట్నం రేవులో మన నేత బట్టలు కొన్న డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు చెల్లించిన వెండిలో పెద్ద వాటా స్పానిష్ అమెరికా గనులదే. ఆ చర్చిలో నిలబడినప్పుడు నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది.

చూడాల్సినవాటిలో మొదటిది అలోందిగా దె గ్రనదితాస్. ధాన్యం గిడ్డంగిగా కట్టిన పెద్ద రాతి కట్టడం. 1810 సెప్టెంబరు 28న స్పెయిన్ పాలన మీద లేచిన తిరుగుబాటుదార్లు దీన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడాది స్పానిష్‌వాళ్లు తిరుగుబాటు నాయకుడు ఇదాల్గోతో పాటు మరో ముగ్గురిని చంపి, తలల్ని ఈ కట్టడం నాలుగు మూలలా పంజరాల్లో వేలాడదీశారు. స్వాతంత్ర్యం వచ్చిన 1821 దాకా అవి అక్కడే ఉన్నాయి. చిత్రకారుడు దియేగో రివేరా 1886లో పుట్టిన ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది, ఇప్పుడది మ్యూజియం. ఇక్కడి మమ్మీల మ్యూజియం బాగా పేరున్నదే. శ్మశానం నుంచి తీసిన శవాలు సహజంగా ఎండిపోయినవి అక్కడ ఉంటాయి. చిన్నపిల్లలుంటే వదిలేయండి, నష్టం లేదు.

రాత్రిళ్లు పాతకాలపు నల్ల దుస్తుల్లో విద్యార్థి గాయకులు వీధి వీధీ తిరుగుతూ పాడతారు. టికెట్ కొనుక్కున్నవాళ్లు వాళ్ల వెంట నడుస్తారు. స్పానిష్ రాకపోయినా పిల్లలకి భలే నచ్చుతుంది. అక్టోబరులో సెర్వాంతీనో అనే కళల ఉత్సవం, 1972 నుంచి జరుగుతోంది. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, దొరికినా రేట్లు వేరు.

గది విషయంలో ఒకటే జాగ్రత్త. ఫొటోలో ఊరంతా కనిపించే కొండమీది గది ఎంత అందంగా ఉన్నా, అక్కడికి కారు వెళ్తుందా అని ముందే అడగండి. చక్రాల సూట్‌కేసు ఆ మెట్ల సందుల్లో పనికిరాదు. హార్దీన్ దె లా ఊనియోన్ పక్కనో, ప్లాసా దె లా పాస్ దగ్గరో గది తీసుకుంటే అన్నిటికీ నడిచి వెళ్లొచ్చు. పీపిలా విగ్రహం ఉన్న కొండమీదికి మాత్రం తాడుతో లాగే చిన్న రైలు ఉంది, మెట్లెక్కక్కర్లేదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తూ, వాళ్లకి మెట్లంటే ఇబ్బంది అయితే ఈ ఊరు వద్దు.

శాన్ మిగెల్ దె అయెందే: అందం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే

గ్వానహ్వాతో నుంచి బస్సులో సుమారు గంటన్నర దూరం. ఊరి మధ్య గులాబీ రంగు చర్చి, లా పరోకియా. దాని ముందుభాగాన్ని 19వ శతాబ్దం చివర్లో సెఫెరీనో గుతియెరెస్ అనే స్థానిక మేస్త్రీ యూరప్ గోథిక్ చర్చిల పోకడలో కట్టాడు. సాయంత్రం ఎండ దాని మీద పడే వేళకి ఎదురుగా తోటలో బెంచీ పట్టుకుని కూర్చోండి, ఆ ఊళ్లో అంతకంటే మంచి పని లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చదువుకోడానికి ప్రభుత్వ డబ్బుతో వచ్చిన అమెరికన్ సైనికులు ఇక్కడి ఆర్ట్ స్కూళ్లలో చేరారు. వాళ్ల వెనకే రిటైరైనవాళ్లు వచ్చారు. ఇప్పుడు ఇంగ్లీషుతో రోజులు గడిచిపోతాయి, శాకాహారం సులువుగా దొరుకుతుంది, హోటళ్లు చక్కగా ఉంటాయి. దానికి తగ్గట్టు బిల్లూ ఉంటుంది. నాలుగు ఊళ్లలో ఇదే ఖరీదైనది. శని, ఆదివారాల్లో పెళ్లిళ్లతో, మెక్సికో సిటీ నుంచి వచ్చే జనంతో కిటకిటలాడుతుంది. దంపతులిద్దరే రెండు మూడు రోజులు హాయిగా ఉండి రావాలంటే ఇది సరైనది. మెక్సికో మనిషి ఎలా బతుకుతాడో చూడాలంటే మిగతా మూడిట్లో దేనికైనా వెళ్లండి.

అయినా ఇక్కడికి వస్తే అతోతోనిల్కో మాత్రం వదలొద్దు. ఊరికి కాస్త దూరంలో ఉన్న చిన్న చర్చి, లోపల గోడలూ పైకప్పూ ఖాళీ లేకుండా బొమ్మలు. 1810 సెప్టెంబరు 16న ఇదాల్గో తన గుంపుకి జెండాగా గ్వాదలూపే మాత పటాన్ని ఇక్కడినుంచే తీసుకున్నాడు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా శాన్ మిగెల్‌కీ ఈ చర్చికీ కలిపే.

ప్వేబ్లా: పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు దీనికే

1531లో చదును నేల చూసుకుని, గళ్ల కాగితం మీద గీసినట్టు వీధులు వేసి కట్టిన ఊరు. వీధులకి పేర్లకంటే నంబర్లు ఎక్కువ, కాబట్టి దారి తప్పడం కష్టం. ఎత్తు మాత్రం 2,100 మీటర్ల పైనే, అంటే దాదాపు ఊటీ అంత. మొదటిరోజు కొంచెం ఆయాసం రావచ్చు, నెమ్మదిగా నడిస్తే సరిపోతుంది. మెక్సికో సిటీ నుంచి బస్సులో రెండు గంటలు. ఆ సిటీ ఎయిర్‌పోర్టు నుంచే నేరుగా ప్వేబ్లా బస్సులు ఉన్నాయి. విమానం దిగిన కుటుంబానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఈ ఊరి గోడలు చూడాలి. ఎర్ర ఇటుకల మధ్య నీలం, పసుపు పెంకులు పొదిగిన ముంగిళ్లు వీధి వీధికీ కనిపిస్తాయి. తలావెరా అంటారు ఆ పనిని. స్పెయిన్ నుంచి వచ్చిన కుమ్మరులు నేర్పింది, 2019లో యునెస్కో జాబితాలో చేరింది. కొనేటప్పుడు పళ్లెం తిరగేసి చూడండి. అసలైనదానికి వెనక కార్ఖానా గుర్తు ఉంటుంది. ముందువైపు వేలితో తడిమితే రంగు గీతలు కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి. బజారులో చవగ్గా అమ్మేవి నున్నగా ఉంటాయి, బొమ్మలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి.

పలఫోషియానా లైబ్రరీని 1646లో బిషప్ పలఫోక్స్ తన 5,000 పుస్తకాలు ఇచ్చి మొదలుపెట్టాడు. ఇవాళ 45,000 దాకా పుస్తకాలు, మూడు అంతస్తుల చెక్క అరల్లో ఉన్నాయి. చదువంటే ఇష్టమున్న పెద్దవాళ్లు అక్కడినుంచి ఓ పట్టాన కదలరు. శాంతో దొమీంగో చర్చిలోని రొసారియో మందిరం 1690లో పూర్తయింది, గోడలూ పైకప్పూ బంగారు పూతే. పక్క ఊరు చొలూలాలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఘనపరిమాణం ఉన్న పిరమిడ్ ఉంది. చూడ్డానికి గడ్డి మొలిచిన కొండలా ఉంటుంది, దాని నెత్తిన స్పానిష్‌వాళ్లు చర్చి కట్టారు. చలికాలం పొద్దున్నే వెళ్తే ఆ చర్చి వెనక పొపొకాతెపెత్ల్ అగ్నిపర్వతం, దాని నోట్లోంచి వచ్చే పొగ కనిపిస్తాయి.

ప్వేబ్లాని నేను ఇష్టపడటానికి ఇంకో కారణం ఒక భారతీయ స్త్రీ. 17వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసు సముద్రపు దొంగలు ఎత్తుకుపోయిన ఒక అమ్మాయి కొచ్చి, మనీలాల మీదుగా బానిసగా ఈ ఊరు చేరింది. బాప్తిస్మం ఇచ్చి కతరీనా దె శాన్ హువాన్ అని పేరు పెట్టారు. అసలు పేరు మిర్రా అని రాశారు. ఇంటి పనిమనిషిగా మొదలై, స్వేచ్ఛ పొంది, భక్తురాలిగా ఊరంతా గౌరవించే స్థితికి వచ్చింది. 1688లో చనిపోయినప్పుడు జెసూట్ల చర్చి లా కంపాన్యాలో పాతిపెట్టారు. మెక్సికో ఆడవాళ్ల సంప్రదాయ దుస్తులకి ఈమే మూలమని ఊళ్లో చెప్పేది మాత్రం కథ, చరిత్రకారులు ఒప్పుకోరు. ఆ చర్చికి వెళ్లండి. ఊరి మధ్యలోనే ఉంది, మన దేశపు మనిషి ఒకరు ఇంత దూరంలో అంత బతుకు బతికి అక్కడ పడుకుని ఉంది.

మరో సంగతి. అమెరికాలో సింకో దె మాయో అంటే మెక్సికో స్వాతంత్ర్య దినం అనుకునేవాళ్లు చాలామంది. అది 1862 మే 5న ప్వేబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. ఆ యుద్ధం జరిగిన కోటలు ఊరి ఉత్తరాన కొండమీద ఉన్నాయి.

వహాకా: తిండి, చేతిపనులు ఇష్టమైతే

ఒక్కసారే వెళ్లే అవకాశం ఉంది, ఆరోగ్యంగా ఉన్నారు, కొత్త రుచులంటే భయం లేదు అంటే నేను చెప్పేది వహాకా. నాలుగిట్లోనూ ఇక్కడే స్పానిష్‌వాళ్లకి ముందున్న మెక్సికో ఇంకా ఊపిరి తీస్తూ కనిపిస్తుంది. బజారులో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు జపొతెక్ భాషలో మాట్లాడుకుంటుంటారు. ఊరి పక్క కొండమీద మోంతె అల్బాన్ ఉంది, క్రీ.పూ. 500 ప్రాంతంలో మొదలైన నగరం. అక్కడి 7వ నంబరు సమాధిలో 1932లో దొరికిన బంగారు నగలు ఊళ్లోని శాంతో దొమీంగో చర్చి పక్క మ్యూజియంలో పెట్టారు. పొద్దున కొండ, ఎండ ముదిరాక మ్యూజియం, ఆ వరసలో చూడండి. భూకంపాల ప్రాంతం కాబట్టి కట్టడాలు పొట్టిగా, గోడలు మందంగా ఉంటాయి. రాయి లేత ఆకుపచ్చగా ఉంటుంది, వాన పడ్డాక ఆ రంగు ఇంకా తేలుతుంది.

ఇక ఆ పురుగు. నాగజెముడు జాతి మొక్క మీద బతికే కొచినిల్ పురుగుని ఎండబెట్టి ఎర్ర రంగు తీస్తారు. స్పెయిన్‌కి మెక్సికో నుంచి పోయిన సరుకుల్లో వెండి తర్వాత దీనిదే పెద్ద చెయ్యి. తెయొతిత్లాన్ దెల్ వయే అనే నేతగాళ్ల ఊళ్లో ఇప్పటికీ దీంతో ఉన్ని అద్దుతారు. నేతగత్తె ఎండిన పురుగుల్ని అరచేతిలో నలుపుతుంది, ముదురు ఎరుపు వస్తుంది. దాని మీద నిమ్మకాయ పిండగానే నారింజ ఎరుపుకి తిరుగుతుంది. సోడా ఉప్పు చల్లితే ఊదా అవుతుంది. పోచంపల్లిలోనో చీరాలలోనో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లకి ఆ ఇంటి ముంగిట్లో గంట గడిచినట్టే తెలియదు. కొనాలనుకుంటే ఊళ్లోని షాపులోకంటే నేసిన ఇంట్లోనే కొనండి, డబ్బు నేసినవాళ్ల చేతికే చేరుతుంది.

శాకాహారులకి వహాకాలో ఒక చిక్కుంది. త్లయుదా అని పెద్ద కరకరలాడే మొక్కజొన్న రొట్టె ఇస్తారు, పైన చిక్కుడు గింజల ముద్ద, చీజు. చూస్తే అంతా శాకాహారమే. కానీ అడుగున పల్చగా పూసేది పంది కొవ్వు, దాన్ని అసియెంతో అంటారు. "సిన్ అసియెంతో" అని చెబితే పూయకుండా ఇస్తారు. ఏ ఊళ్లోనైనా చిక్కుడు ముద్దలో మాంతెకా, అంటే పంది కొవ్వు ఉంటుందా అని అడగండి. అన్నం కోడి రసంలో ఉడికించి ఉండొచ్చు. మిరపకాయలూ మసాలాలూ నూరి చేసే మోలె సాస్ కూడా సాధారణంగా కోడి రసంతోనే చేస్తారు. "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, చాలామంది దృష్టిలో కోడి మాంసం కిందికి రాదు. అందుకే "సిన్ పోయో, సిన్ మాంతెకా" (కోడి లేకుండా, పంది కొవ్వు లేకుండా) అని కూడా చెప్పాలి. గుమ్మడిపువ్వు కెసాదియా, మిరపకాయ చీలికల రాహాస్, అవకాడో, చీజు, ఉడికించిన మొక్కజొన్న కంకి ఎక్కడైనా దొరుకుతాయి.

మాంసాహారులకి ఇబ్బందే లేదు. బజారులో బొగ్గుల మీద కాల్చిచ్చే వరస కొట్లు ఉన్నాయి. మిడతల వేపుడు నిమ్మ, కారంతో అమ్ముతారు, ఇష్టమైతే ఒకటి నోట్లో వేసుకోండి. బజారు దగ్గర కోకో మరలు ఉంటాయి. కోకో గింజలు, బాదం, దాల్చినచెక్క, పంచదార కలిపి మన కళ్లముందే ఆడిస్తే వెచ్చటి ముద్దగా దిగుతుంది. మనవాళ్లు తప్పకుండా తాగాల్సింది ఆగ్వా దె హమైకా. ఎర్ర గోంగూర జాతి మొక్క కాయల పైన ఉండే ఎర్ర రేకులు నానబెట్టి చేసే పుల్లటి షర్బత్తు. మొదటి గుక్కలోనే ఆ పులుపు గుర్తుపడతారు.

నవంబరు మొదట్లో మృతుల పండగకీ, జూలైలో గెలాగెత్సా నృత్యాలకీ వహాకా నిండిపోతుంది. ఆ రోజుల్లో వెళ్లాలంటే నెలల ముందే గది పట్టుకోవాలి. మే, జూన్లలో టీచర్ల సంఘం తరచు చౌరస్తాలో ధర్నాకి దిగుతుంది, రోడ్లు బంద్ అవుతుంటాయి. తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టుకి కాస్త ముందే బయల్దేరండి.

కాన్‌కూన్ టికెట్ ఇప్పటికే కొనేస్తే

అప్పుడు పై నాలుగూ దూరం. యుకాతాన్‌లోని మెరిదా చూడండి. 1542లో మాయా జాతివాళ్ల పాత నగరం మీదే కట్టిన ఊరు, దారిలో చిచెన్ ఇట్సా అనే మాయా శిథిలాలు తగులుతాయి, మెక్సికోలో భద్రత విషయంలో బాగా పేరున్న ప్రాంతం. చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లకీ ఇబ్బంది ఉండదు. ఎండలు మాత్రం మన విజయవాడ ఎండలే. ఏప్రిల్, మే నెలలు వద్దు.

వీసా, దారి, వానలు

చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపో, గ్రీన్ కార్డో ఉంటే భారతీయ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. స్టాంపు గడువు తీరిపోయి ఐ-797 అనే ఆమోదపు కాగితం ఒక్కటే ఉంటే అది వీసా కింద లెక్క కాదు. హెచ్-1బీ వాళ్లు టికెట్ కొనే ముందు ఇది చూసుకోవాలి, తిరిగి రావడానికి కావాల్సినవీ అప్పుడే సరిచూసుకోవాలి.

గ్వానహ్వాతో రాష్ట్రంలో సెలాయా, ఇరపువాతో, సలమాంకా వైపు ముఠాల హింస ఉంది. మీరు చూసే రెండు ఊళ్ల పరిస్థితి వేరు, అయినా కారు అద్దెకి తీసుకుని రాత్రిపూట హైవే మీద నడపొద్దు. మొదటి తరగతి బస్సులు శుభ్రంగా, టైముకి నడుస్తాయి. లియోన్ దగ్గరి బహీయో ఎయిర్‌పోర్టుకి డల్లాస్, హ్యూస్టన్ నుంచి నేరుగా విమానాలు ఉన్నాయి. అక్కడినుంచి గ్వానహ్వాతో గంటలోపే. ఈ జంట ఊళ్లలో గ్వానహ్వాతోలో ఎక్కువ రాత్రులు, శాన్ మిగెల్‌లో ఒకటి రెండు రాత్రులు ఉంచుకోండి, అదీ సోమవారం నుంచి గురువారం లోపు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఎక్కువగా మధ్యాహ్నం దాటాక గంటో రెండు గంటలో కురిసి తెరిపిస్తాయి. కాబట్టి వేసవి సెలవుల్లో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వెళ్లినా ఫరవాలేదు, కొండలూ పిరమిడ్లూ పొద్దున పెట్టుకుంటే సరి. ఆగస్టు, సెప్టెంబరులో ప్వేబ్లా వెళ్తే చిలెస్ ఎన్ నొగాదా తినొచ్చు. పెద్ద మిరపకాయలో మాంసం, పళ్లు కూరి, పైన అక్రోటు సాసూ దానిమ్మ గింజలూ వేసేది. అక్రోట్లూ దానిమ్మలూ కాపుకొచ్చేది ఆ రెండు నెలల్లోనే. కొన్ని హోటళ్లు మాంసం లేకుండానూ చేస్తాయి, బల్ల రిజర్వ్ చేసేటప్పుడే అడగండి. డిసెంబరు, జనవరిలో గ్వానహ్వాతో, ప్వేబ్లా రాత్రిళ్లు బాగా చలి. పాత ఇళ్లని మార్చిన హోటళ్లలో చాలాచోట్ల హీటర్ ఉండదు. బుక్ చేసేటప్పుడే అడిగి, స్వెట్టర్లు పెట్టుకుని వెళ్లండి.